ముందు మనుషుల పేర్లు, తర్వాతే పునాదిరాయి
బనగానపల్లె నుంచి ఒక ఉద్యమ ప్రణాళిక

మేమెవరం, ఏమంటున్నాం

మేం బనగానపల్లె, అవుకు, కొలిమిగుండ్ల, సంజామల, కోవెలకుంట్ల, బేతంచెర్ల, పాణ్యం మండలాల మనుషులం. నాపరాళ్ల గనుల్లో గడ్డపార పట్టేవాళ్లం, గుత్తకు భూమి పట్టి పప్పుశనగ వేసేవాళ్లం, మామిడి తోటలకు కాపలా ఉండేవాళ్లం, కాలవ గట్టు మీద లష్కర్లం. మాతో పాటు రిటైరైన సర్వేయర్లు, ఇంజనీర్లు, చిన్న కాంట్రాక్టర్లు కూడా కూర్చున్నారు. పని మధ్యలో ఆగితే బిల్లు ఎట్లా ఆగిపోతుందో వాళ్లకు తెలుసు.

ప్రాజెక్టులు వద్దనే వేదిక కాదిది. నంద్యాల–ఎర్రగుంట్ల రైలుమార్గం 1996–97లో మంజూరైతే, మా ఊరి మీదుగా ప్రయాణికుల బండి నడిచింది 2016లో. ఇరవై ఏళ్లు ఎదురుచూసినవాళ్లకు ప్రాజెక్టు విలువ ఒకరు చెప్పాల్సిన పని లేదు. నీళ్లు కావాలి, రోడ్డు కావాలి, కరెంటు కావాలి, ఫ్యాక్టరీలో పని కావాలి. అందుకే అవి సరిగ్గా జరగాలంటున్నాం.

మా మాట ఒకటే. ఏ ప్రాజెక్టుకైనా మొదటి పని, అది ఎవరెవరికి తగులుతుందో పేరుపేరునా రాసుకోవడం. ఆ జాబితాను ఆఫీసులో రికార్డు చూసి రాస్తే చాలదు. నేల మీద నడిచి రాయాలి, కాలం మారినప్పుడు మళ్లీ నడిచి సరిచూడాలి. ఊళ్లో అందరి ముందు చదివి, తప్పులు దిద్దాలి. ఆ తర్వాతే సమగ్ర ప్రాజెక్టు నివేదిక (డీపీఆర్) ఖరారు కావాలి, ఆ తర్వాతే టెండరు, ఆ తర్వాతే పునాదిరాయి. ఇప్పుడు జరిగేది దీనికి తలకిందులు. రాయి ముందు పడుతుంది, మనుషులు అర్జీలు పట్టుకుని తర్వాత వస్తారు.

1948 దాకా ఈ ఊరు నవాబుల సంస్థానం. దర్బారు పోయింది గానీ అర్జీ పోలేదు. సోమవారం కలెక్టరేట్ వరండాలో గ్రీవెన్స్ టోకెన్ పట్టుకుని నిలబడే వరుసను చూడండి. అందులో చాలామందికి కావాల్సింది సాయం కాదు, వాళ్లను మొదట్లోనే ఒక ప్రశ్న అడిగి ఉండాల్సింది.

మా నేల మీద ఇప్పటికే జరిగింది

ఈ పాఠం కోసం మేం ఎక్కడికో పోనక్కర్లేదు. మన కర్నూలు–కడప (కేసీ) కాలవే చాలు. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కడప దాకా సుమారు 300 కిలోమీటర్ల కాలవ తవ్వింది. కంపెనీ పెట్టిన పది లక్షల పౌండ్ల పెట్టుబడికి 5 శాతం వడ్డీ ఇప్పిస్తానని ప్రభుత్వం హామీ ఇచ్చింది. కాలవలో నీళ్లూ పారతాయి, పడవలూ తిరుగుతాయి, రైతులు ఎగబడి నీటి తీరువా కడతారు, ఇదీ కాగితం మీది లెక్క. రైతులు ఎగబడలేదు. నల్లరేగడిలో జొన్న, పత్తి వేసే రైతు వాన పదునుతో పంట తీస్తాడు. మంచి సంవత్సరంలో కాలవ నీళ్లకు డబ్బు కట్టాల్సిన అవసరం అతనికి కనపడలేదు. ఖర్చు అంచనాలు దాటింది, రాబడి రాలేదు, 1882లో ప్రభుత్వమే ఆ కాలవను కొనాల్సి వచ్చింది. ఆ కాలవ తర్వాత ఎన్ని కడుపులు నింపిందో మాకు తెలుసు. కానీ కంపెనీ మునగడానికి ఒక కారణం, ఎవరి కోసం కాలవ తవ్వారో వాళ్లనే అడగకపోవడం. లెక్కలోంచి తప్పిపోయేది పేదవాడూ నిర్వాసితుడూ మాత్రమే అనుకోకూడదు. ఒక్కోసారి లబ్ధిదారుడే తప్పిపోతాడు.

రెండోది శ్రీశైలం. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. జలాశయంలో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలు వంద దాకా మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి, రాయి వెంట రాయి మోసుకుపోయి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. ఆ పని చేసినవాళ్లకు దండం పెడతాం. అయితే ఆ శ్రద్ధ మనుషుల జాబితాకు దక్కలేదు. అప్పుడున్న 1894 భూసేకరణ చట్టం భూమి మీద హక్కు ఉన్నవాడినే చూసేది. ఆ భూమిలో కూలికి బతికేవాడు, మంగలి, చాకలి, కుమ్మరి, ఏటిలో చేపలు పట్టేవాడు దానికి కనపడరు. 1981లో ‘ఆపరేషన్ డిమాలిష్’ పేరుతో ఇళ్లు కూల్చారు. ఐదేళ్ల తర్వాత, 1986లో, నిర్వాసిత కుటుంబాలకు ఉద్యోగాలు ఇస్తామని జీవో 98 వచ్చింది. ఆ జీవో కింద పెట్టుకున్న అర్జీలు ఒక తరం దాటి ఇంకో తరం చేతికి వచ్చాయి. ముందు రాయని జాబితా తర్వాత ఎంత ఖరీదైనదో తెలుసుకోవాలంటే ఆ అర్జీల కట్టలు విప్పి చూస్తే చాలు.

మూడోది తుమ్మలపల్లె. పులివెందుల పక్కన యురేనియం గని, శుద్ధి కర్మాగారం. 2006 సెప్టెంబరులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. భూసేకరణ చూసింది భూమి పోయేవాళ్లను. తర్వాత గట్టిగా గొంతెత్తినవాళ్లలో భూమి పోనివాళ్లు ఉన్నారు. వ్యర్థాల చెరువు పక్కనున్న కేకే కొట్టాల రైతులు తమ బోర్ల నీళ్లు పాడయ్యాయనీ, అరటి తోటలు దెబ్బతిన్నాయనీ ఏళ్ల తరబడి ఫిర్యాదులు చేశారు. ప్రాజెక్టు హద్దు పటంలో గీత దగ్గర ఆగుతుంది. నీళ్లు, దుమ్ము, చప్పుడు, ధరలు ఆ గీత దగ్గర ఆగవు.

నాలుగోది మన పక్కనే, గని–శకునాల సోలార్ పార్కు. 1,000 మెగావాట్లు, దాదాపు 5,900 ఎకరాలు, 2017లో పూర్తి సామర్థ్యానికి వచ్చింది. దేశం గర్వపడే పని. ఇలాంటి చోట్ల మొదట వినపడే మాట, ‘ఎక్కువ భాగం ప్రభుత్వ భూమే కదా’ అని. రికార్డులో ప్రభుత్వ భూమి అంటే ఖాళీ అని అర్థం. నేల మీద అది గొర్రెలు మేసే బీడు, పట్టా లేకుండా తాతల నాటి నుంచి దున్నుకునే చేను, వంటచెరుకు ఏరుకునే గుట్ట, సీతాఫలాలు తెంపుకుని అంగట్లో అమ్ముకునే ఆడవాళ్ల ఆదాయం. కంచె పడిన రోజున ఎవరికీ నోటీసు ఇవ్వక్కర్లేదు, ఎందుకంటే రికార్డు ప్రకారం అక్కడ ఎవరూ లేరు.

ఎవరు తప్పిపోతున్నారు

పేరు లేని రైతు. మా వైపు గుత్త, కోరు ఒప్పందాలు నోటి మాట మీద నడుస్తాయి. అడంగల్‌లో పట్టాదారు ఉంటాడు, చేలో ఇంకొకరు ఉంటారు. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలుదారుకు కార్డు ఇస్తుంది గానీ దానికి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందన్న భయం యజమానికి, అడిగితే వచ్చే ఏడు గుత్త పోతుందన్న భయం కౌలుదారుకు. ఇక ప్రాజెక్టు వస్తే పరిహారం చెక్కు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న పట్టాదారుకు పోతుంది. విత్తనాలకు అప్పు తెచ్చినవాడు ఇక్కడే మిగిలిపోతాడు.

కాలాన్ని బట్టి వచ్చిపోయేవాళ్లు. పంట కోతలయ్యాక గొర్రెల మందలు చేలల్లో దిగుతాయి. రైతు ఎరువు కోసం మంద పెట్టించుకుంటాడు, కాపరికి గింజలో డబ్బులో ముడతాయి. ఆగస్టులో సర్వే చేసినవాడికి ఆ కాపరి కనపడడు. మామిడి తోటను కాపు మీద కొన్న వ్యాపారి, కాయ తెంపే కూలీలు, గడ్డి పరిచి పెట్టెలు కట్టేవాళ్లు ఎండాకాలం నెలల్లోనే ఉంటారు. 2017లో బనగానపల్లె మామిడికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు కాయకు దక్కింది, చెట్టెక్కి తెంపే చేతుల లెక్క మాత్రం ఎక్కడా లేదు. ఇక పడమటి వైపు ఆదోని, కోసిగి పల్లెల్లో సుగ్గికి, అంటే కోత పనుల వలసకు, పోయినవాళ్ల ఇళ్లు నెలల తరబడి తాళాలు వేసి ఉంటాయి. గుంటూరు మిరప చేలల్లో ఉన్న మనిషి ఇంటికి సర్వే బృందం వచ్చి, తాళం చూసి, ‘నివాసం లేరు’ అని రాసుకుపోతే, ఆ ఒక్క మాటతో ఒక కుటుంబం మాయమైపోతుంది.

ఆడవాళ్లు. పాసుపుస్తకం మగవాడి పేరు మీద, గ్రామసభలో కుర్చీ మగవాడిది, అభిప్రాయం కూడా మగవాడిదే. కానీ బోరు ఎండితే ఎంత దూరం నడవాలో, కాలవ గట్టు ఎత్తు పెరిగితే బట్టలు ఉతకడానికి ఎక్కడ దిగాలో, చీకటి పడ్డాక ఏ దారి భయమో మగవాళ్లను అడిగితే తెలియదు. ఒంటరి ఆడవాళ్ల సంగతి మరీ అన్యాయం. అన్న ఇంట్లో ఉంటే అన్న కుటుంబంలో ఒక అంకె.

చివరి తూము దగ్గర వాళ్లు. శ్రీశైలం కుడి బ్రాంచి కాలవ అయినా, కేసీ కాలవ అయినా, నీళ్ల లెక్క తల దగ్గర వేస్తారు, కరువు తోక దగ్గర పడుతుంది. నీటి సంఘాల కోసం 1997లో రాష్ట్రం చట్టం తెచ్చి దేశానికి దారి చూపింది. అందులోనూ ఓటు ఆయకట్టులో యజమానిగానో కౌలుదారుగానో రికార్డుకెక్కినవాళ్లదే. కాలవలో పశువుకు నీళ్లు తాపేవాడికి, చేపలు పట్టేవాడికి ఓటు లేదు. ఏ తూము దగ్గర ఎంత కారుతుందో, ఏ గండి ఏ వానకు పడుతుందో తెలిసిన లష్కర్‌ను మరమ్మతు అంచనా వేసేటప్పుడు అడిగే ఇంజనీరు అరుదు.

పనిచేసేవాళ్లు. గనిలో రాయి తీసేవాళ్లు, పాలిష్ ఫ్యాక్టరీలో తడిసిన కాళ్లతో నిలబడేవాళ్లు, సిమెంటు ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు కూలీలు, ఒడిశా, బిహార్ నుంచి వచ్చి రేకుల షెడ్లలో ఉండేవాళ్లు. ప్రాజెక్టు కట్టేది వీళ్లే. ప్రాజెక్టు తగిలేవాళ్ల జాబితాలో మాత్రం వీళ్లు ఉండరు.

నోరు లేనివాళ్లు. జుర్రేరు లోయలో మన జ్వాలాపురం ఉంది. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగిరొచ్చిన బూడిద అక్కడ పొరగా ఉంది. ఆ పొరకు కిందా పైనా మనిషి చేసిన రాతి పనిముట్లు దొరికాయని రవి కొరిశెట్టర్, మైఖేల్ పెట్రాగ్లియా బృందం 2007లో ప్రపంచానికి చెప్పింది. అదే బూడిదను పాత్రలు తోమే పొడి కోసం తవ్వి లారీలకు ఎత్తారు. తవ్విన కూలీకి అది ఆ పూట కూలి. దాన్ని చదవాల్సిన రాబోయే తరానికి అది మళ్లీ దొరకని పుస్తకం. ఆ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి, కూలికి ఇంకో దారి చూపి, నేలను కాపాడే మాట ముందే మాట్లాడి ఉండాల్సింది. ఇంకా పుట్టనివాళ్ల తరఫున కూడా ఎవరో ఒకరు జాబితాలో ఉండాలంటున్నది ఇందుకే.

ఎందుకు తప్పిపోతున్నారు

ఇది ఎవరో ఒక అధికారి చెడ్డతనం వల్ల జరుగుతున్నది కాదు. పద్ధతిలోనే లోపం ఉంది.

ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ తరగతుల్లో ఒక నాలుగు గళ్ల పటం నేర్పిస్తారు. ఒక వైపు బలం, ఇంకో వైపు ఆసక్తి. బలమూ ఆసక్తీ ఉన్నవాళ్లను దగ్గర ఉంచుకోవాలి, బలం ఉన్నవాళ్లను తృప్తి పరచాలి, ఆసక్తి ఉన్నవాళ్లకు కబురు చెబుతుండాలి. రెండూ తక్కువగా ఉన్నవాళ్ల మీద ఓ కన్నేసి ఉంచితే చాలు. ఇప్పుడు గొర్రెల కాపరిని ఆ పటంలో పెట్టండి. బలం లేదు. ఆసక్తి? అతనికి ప్రాజెక్టు సంగతే ఎవరూ చెప్పలేదు, ఆసక్తి ఎక్కడి నుంచి వస్తుంది? అంటే చెప్పకపోవడం మన పని, ఆసక్తి లేదనడం మన తీర్పు. కింది మూల గడిలోకి అతన్ని నెట్టింది ఆ పటమే.

ఇంతకంటే మంచి ఆలోచన ఉంది. 1997లో మిచెల్, ఏగల్, వుడ్ అనే ముగ్గురు పండితులు మనిషిని మూడు కొలతలతో చూడమన్నారు: బలం ఉందా, అడిగేది న్యాయమేనా, ఆలస్యం అయితే నష్టం ఎంత. న్యాయమూ, తొందరా రెండూ ఉండి బలం లేనివాళ్లు ఇంకొకరి అండ మీద ఆధారపడతారని వాళ్లు రాశారు. మా వైపు జనంలో పెద్ద భాగం ఆ గడిలో ఉంది. ఆ అండగా నిలబడటానికే ఈ వేదిక.

రెండో కారణం సమయం. గ్రామసభ పగలు పదకొండు గంటలకు పెడతారు. ఆ గంటకు గనిలో పనివాడు గనిలో ఉంటాడు, ఉపాధి హామీ కూలి గుట్ట మీద ఉంటుంది. చెట్టు కింద కుర్చీల్లో మిగిలేది పని లేనివాళ్లు, పని పట్టుకుని తిరిగేవాళ్లు. మూడో కారణం భాష. పర్యావరణ నివేదిక వందల పేజీలు ఇంగ్లీషులో ఉంటుంది, సారాంశం మాత్రం తెలుగులో. అది కూడా ఆఫీసులోనో వెబ్‌సైట్‌లోనో చూసుకోవాలి. పదో తరగతి చదివినవాడికీ కొరుకుడు పడని తెలుగు అది. నాలుగో కారణం భయం. షామియానా కింద ముందు వరుసలో ఎవరు కూర్చున్నారో, మైకు పక్కన ఎవరు నిలబడ్డారో, కెమెరా ఎవరి మొహం మీద ఉందో చూసి, మాట్లాడాలనుకున్నవాడు చేయి దించుకుంటాడు.

చట్టంలో ఉన్నది అమలులో లేదు

2013 సంవత్సరాన్ని గుర్తు పెట్టుకోండి. ఆ ఏడు అమెరికాలోని ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ తన మార్గదర్శి ఐదో కూర్పులో ప్రాజెక్టుతో సంబంధం ఉన్నవాళ్ల సంగతిని మొదటిసారి ప్రత్యేక విభాగంగా పెట్టింది. అదే ఏడు ఒడిశాలోని నియమగిరిలో సుప్రీంకోర్టు తీర్పు మేరకు 12 గ్రామసభలు కూడి, బాక్సైట్ గని వద్దని ఒక్క మాట మీద చెప్పాయి. అదే ఏడు మన పార్లమెంటు కొత్త భూసేకరణ చట్టం చేసింది.

ఆ చట్టం భూమి లేనివాడిని కూడా బాధిత కుటుంబం అంటుంది. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీద బతుకుతున్న కూలీలు, కౌలుదారులు, కోరుదారులు, చేతివృత్తుల వాళ్లు అందులో ఉన్నారు. వితంతువులను, విడాకులు పొందిన, కుటుంబాలు వదిలేసిన ఆడవాళ్లను వేరే కుటుంబాలుగా లెక్కించమంటుంది. సామాజిక ప్రభావాన్ని అంచనా వేసి, ఊళ్లో వినమంటుంది. ఇంతకంటే ఏం కావాలి?

కావాల్సింది ఉంది. పర్యావరణ అంచనా తప్పనిసరైన సాగునీటి ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అంచనా వర్తించదని అదే చట్టం మినహాయింపు ఇచ్చింది. రాయలసీమకు వచ్చే పెద్ద ప్రాజెక్టులు సాగునీటివే. 2018లో మన రాష్ట్రం తెచ్చిన సవరణ ఇంకొన్ని రకాల ప్రాజెక్టులకు కూడా మినహాయింపు దారి తెరిచింది. ముందు తలుపు పెద్దగా పెట్టి, పక్కన గోడ తీసేసినట్టుంది ఇది.

ఒక రోడ్డు మీద నడిచి చూద్దాం

మేం చెప్పే జాబితా ఎట్లా రాయాలో పెద్ద డ్యాం మీద కాదు, చిన్న రోడ్డు మీద చూపిస్తాం. బనగానపల్లె నుంచి ఒక పల్లెకు పోయే సింగిల్ రోడ్డును డబుల్ చేయాలనుకోండి. ఫైలులో ఉండేవాళ్లు: ఆర్‌అండ్‌బీ శాఖ, కాంట్రాక్టరు, స్తంభాలు జరిపే విద్యుత్ శాఖ, చెట్లు కొట్టడానికి అటవీ శాఖ, పక్కన పట్టా భూములున్న రైతులు.

ఇప్పుడు తెల్లవారుజామున బయల్దేరండి. పాల క్యాన్లు కట్టుకున్న మోటారు సైకిళ్లు వస్తాయి. ఆ వెనక కూలీల ఆటోలు, ఒక్కోదాంట్లో పదిమంది. అవి ఆగే చోటుకు బోర్డు ఉండదు, ఒక చింతచెట్టే గుర్తు. ఆ చెట్టు కొట్టే చెట్ల జాబితాలో ఒక నంబరు. ఎండ ఎక్కాక నాపరాళ్ల లారీలు వస్తాయి. బరువు బండి మలుపు తిరగాలంటే ఎంత స్థలం కావాలో డ్రైవరును అడగండి, డిజైన్ మారొచ్చు. చెట్టు పక్కన పంక్చర్లు వేసే అతనికి స్థలానికి కాగితం లేదు, కానీ ఆ దారిన పోయే ప్రతి బండికీ అతను కావాలి. మధ్యాహ్నం పల్లె దగ్గరపడితే, రోడ్డు మీద ఒక పక్కగా కొర్రలు ఆరబోసి ఉంటాయి. కళ్లం లేని రైతుకు తారు రోడ్డే కళ్లం. రోడ్డు వెడల్పై బండ్ల వేగం పెరిగిన రోజున ఆ గింజల దగ్గర కూర్చున్న ముసలామె ప్రాణం ఎవరి అంచనాలో ఉంది?

ఊళ్లోకి వస్తే ఇళ్ల గడపలు చూడండి. ఒక్కో పొర వేసేకొద్దీ రోడ్డు పైకి లేస్తుంది, ఇల్లు కిందికి పోతుంది. వానొస్తే నీళ్లు నేరుగా నట్టింట్లోకే. ఆ ఇంటివాళ్ల అడుగు భూమి కూడా పోలేదు కాబట్టి ఏ జాబితాలోనూ వాళ్లు లేరు. కార్తీక సోమవారం వస్తే యాగంటికి నడిచిపోయే భక్తులు, ఎండాకాలం వస్తే మామిడి ట్రాక్టర్లు, కోతలయ్యాక మందలు. ఇవన్నీ ఒక్క రోజు నడిస్తే కనపడవు. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి నడవాలి. వానల్లో ఒకసారి, ఎండల్లో ఒకసారి నడవాలి. కలిసిన ప్రతి మనిషినీ చివరగా ఒకటే అడగాలి: ‘ఈ దారితో పని ఉన్నవాళ్లు ఇంకెవరున్నారు?’ ఆ ప్రశ్నకు కొత్త పేరు రాని దాకా నడక ఆగకూడదు.

ఇందులో ఖరీదైన యంత్రం ఏదీ లేదు. ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను, ఊరి తలారో, ఆశా కార్యకర్తో వెంట ఉంటే చాలు.

మా సూత్రాలు

1. రికార్డు సాక్ష్యాల్లో ఒకటి మాత్రమే. చేలో ఉన్న మనిషి రెండో సాక్ష్యం. రెండూ కలవకపోతే ఊరి ముందు విచారించాలి.

2. తగిలే దూరమే ప్రాజెక్టు హద్దు. నీళ్లు, దుమ్ము, ధర, దారి ఎంత దూరం మారితే అంత దూరం జాబితా పోవాలి.

3. చెప్పడం వేరు, అడగడం వేరు. అడిగినదాన్ని బట్టి ఒక్క గీతైనా మారే వీలున్న దశలో అడిగితేనే అది అడగడం.

4. ప్రతి మాటకూ జవాబు ఉండాలి. ఒప్పుకుంటే ఏం మార్చారో, ఒప్పుకోకపోతే ఎందుకో, తిరిగొచ్చి అదే ఊళ్లో చెప్పాలి.

5. బలహీనుడి గొంతు ముందు వినాలి. సభలో మాట్లాడే వరుస తోక నుంచి మొదలు కావాలి.

6. ఒకరి తరఫున ఇంకొకరు మాట్లాడితే, ఎవరి అనుమతితో మాట్లాడుతున్నారో చెప్పాలి. ఇది మాకూ వర్తిస్తుంది.

మా డిమాండ్లు

ప్రభుత్వానికి: ప్రతి డీపీఆర్‌లో ప్రాజెక్టు తగిలేవాళ్ల జాబితా మొదటి అధ్యాయం కావాలి. దాన్ని గ్రామ సచివాలయం గోడ మీద అతికించి, గ్రామసభలో పైకి చదవాలి. సాగునీటి ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అంచనా మినహాయింపు ఎత్తేయాలి. అప్పటిదాకా రాష్ట్రం తనంతట తాను ఆ అంచనా చేయించాలి. సభలు సాయంత్రం దీపాలు పెట్టే వేళకు జరగాలి. సుగ్గి కాలంలో ఇంటింటి సర్వే చేయకూడదు, తాళం వేసిన ఇంటికి మళ్లీ రావాలి. ఆడవాళ్లకు, గనుల కూలీలకు, కాపరులకు వేరే సభలు పెట్టాలి. నివేదిక మొత్తం తెలుగులో, మనుషులు మాట్లాడే తెలుగులో ఉండాలి.

ఇంజనీర్లకు: మార్కింగ్ రాళ్లు పాతక ముందు ఒక్కసారైనా లష్కర్‌తో, కాపరితో, ఊరి ఆడవాళ్లతో కలిసి లైను వెంట నడవండి. మీరు చదివిన చదువును మేం తక్కువ చేయడం లేదు. వంక ఏ ఏడు ఏ వైపు పొర్లిందో మీ పటంలో లేదు, వాళ్ల నోట్లో ఉంది.

కంపెనీలకు, కాంట్రాక్టర్లకు: సీఎస్ఆర్ కింద కట్టించే బస్సు షెల్టరు జవాబుదారీకి బదులు కాదు. మీ పనిలో దిగిన కూలీల పేర్లు, వాళ్ల ఊర్లు, వాళ్లు ఫిర్యాదు చెప్పుకునే మనిషి పేరు పని చోట బోర్డు మీద రాయండి.

మాకు మేము: ఊళ్లో పెత్తందారు చెప్పిన పేర్లే జాబితా కాకుండా చూసుకుంటాం. పట్టాదారులుగా ఉన్న మా సభ్యులు తమ కౌలుదారుల సాగు పత్రాల మీద ముందు సంతకాలు పెడతారు. అది చేయనివాళ్లకు ఈ వేదికలో పదవి ఉండదు.

కాదనేవాళ్లకు మా జవాబు

‘ఇట్లా అందరినీ అడుగుతూ పోతే పని మొదలే కాదు’ అంటారు. నెలల నడకకు భయపడి ఏళ్ల కోర్టు కేసులకు సిద్ధపడటం ఏ లెక్క? కేసీ కాలవ కంపెనీకి తొందర లాభం తేలేదు. శ్రీశైలంలో తొందర అర్జీలను ఆపలేదు.

‘జాబితా తెరిస్తే దొంగ పేర్లు చేరతాయి, రాత్రికి రాత్రి రేకుల ఇళ్లు లేస్తాయి’ అంటారు. నిజమే, అట్లాంటివి మేమూ చూశాం. దొంగ పేరు పుట్టేది మూసిన గదిలో. ఊరి మధ్యలో పేరు పైకి చదివితే, ఆ ఇంట్లో పొయ్యి ఎప్పుడు వెలిగిందో పక్కింటామె చెబుతుంది.

‘అందరూ తలా ఒకటి అడుగుతారు, ఖర్చు పెరుగుతుంది’ అంటారు. అందరూ అడిగింది ఇవ్వమని మేం అనడం లేదు. కొందరికి కాదనే చెప్పాల్సి వస్తుంది. ఎందుకు కాదో ముఖం చూసి చెప్పమంటున్నాం. ఖర్చు ఇప్పుడూ ఉంది. కాకపోతే అది అంచనా పత్రంలో కాకుండా కాపరి ఇంట్లోనో, కూలి కంచంలోనో పడుతోంది. దాన్ని అంచనా పత్రంలోకి తెమ్మంటున్నాం.

ఎట్లా పనిచేస్తాం

ఈ వేదికకు పార్టీ రంగు లేదు. ఏ పార్టీ వాళ్లయినా సభ్యులు కావొచ్చు, ఎన్నికల్లో పోటీ చేస్తే బాధ్యతల నుంచి తప్పుకోవాలి. ప్రతి పంచాయతీలో ఐదుగురితో నడక బృందం ఉంటుంది. అందులో ఇద్దరు ఆడవాళ్లు, ఒకరు సొంత భూమి లేనివాళ్లు తప్పనిసరి. కంపెనీల నుంచి, కాంట్రాక్టర్ల నుంచి విరాళాలు తీసుకోం. సభ్యులిచ్చే చందా, దాని జమాఖర్చు ప్రతి మూడు నెలలకూ గోడ మీద అతికిస్తాం.

ప్రతి బృందం చేతిలో రెండు పుస్తకాలు ఉంటాయి. ఒకటి పేర్ల పుస్తకం: మనిషి, బతుకుతెరువు, ప్రాజెక్టుతో సంబంధం, ఏ నెలల్లో ఇక్కడ ఉంటారు. రెండోది మాట–జవాబు పుస్తకం: ఎవరు ఏమడిగారు, ఎవరు ఏం జవాబిచ్చారు, ఏ తేదీన. పేరు రాయించుకోవడం ఇష్టం లేనివాళ్ల పేరు రాయం. అట్లాంటి పని, అట్లాంటి మనిషి ఉన్నారని మాత్రం రాస్తాం. ఈ పుస్తకాల నకళ్లు పంచాయతీకి, తహశీల్దారుకు, సంబంధిత శాఖకు ఇచ్చి రసీదు తీసుకుంటాం. తీసుకోకపోతే పోస్టులో పంపుతాం.

అన్నలారా, అక్కలారా, మీ ఊరికి ఏదైనా పని మంజూరైందని వినగానే మాకు కబురు పెట్టండి. అది చెక్‌డ్యాం కావొచ్చు, గని లీజు కావొచ్చు, సబ్‌స్టేషన్ కావొచ్చు, వీధి కాలవ కావొచ్చు. చదవడం, రాయడం వచ్చిన పిల్లలుంటే ఒక ఆదివారం ఇవ్వమనండి. సర్వేయర్లు, ఇంజనీర్లు సెలవు రోజున మాతో నడవండి, పటం చదవడం మాకు నేర్పండి. తహశీల్దారు గారూ, ఏఈ గారూ, మేం తెచ్చే పుస్తకం మీ మీద ఫిర్యాదు కాదు, మీ పనికి సాయం. మొదటి నడక పంట కోతలకు ముందు ఒకటి, కోతల తర్వాత ఇంకొకటి. ఆ రెండు నడకల పేర్ల పుస్తకాలూ పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేని పేర్లను గ్రామసభలో చదువుతాం. అక్కడి నుంచి ఏ పని మంజూరైనా మా మొదటి ప్రశ్న ఇదే: జాబితాలో ఎవరు లేరు?